వెనుక చక్రం పిస్టను ఎందుకు మొండికేస్తుంది?

"పాస్కల్ నియమాన్ని నిర్వచించి ఒక ఉదాహరణ ఇవ్వుము" అనే ప్రశ్న ఇంటర్మీడియట్ నాటినుంచీ మనల్ని వెంటాడుతూనే ఉంది. మనమూ తక్కువ తినలేదు. "మూసి ఉన్న ద్రవంపై ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా ప్రసరించును, ఉదా: హైడ్రాలిక్ బ్రేకు" అని రాసి, ఒక సన్న గొట్టమూ ఒక లావు గొట్టమూ బొమ్మ గీసి, మార్కులు పుచ్చుకుని బయటపడుతున్నాం. ఆ బ్రేకును విప్పి చూసినవాళ్ళెవరని అడిగితే మాత్రం తరగతిలో లేచే చేతులు తక్కువ. నేను చెప్పదలచుకున్నది ఆ ఉదాహరణలోనే దాగి ఉన్న ఒక చిక్కు గురించి. కారు వెనుక చక్రాలకు కొత్త బ్రేకు ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టనును వెనక్కు పంపడం అనే పని అది. పని చిన్నదే, అరగంటది. సరిగ్గా చెయ్యకపోతే వచ్చే ఫలితం మాత్రం చిన్నది కాదు.

మాది వ్యవసాయ కుటుంబం. ఇంట్లో యంత్రాలంటే ట్రాక్టరూ, బోరు మోటారూను. కార్ల సంగతి నాకు తెలిసిందల్లా మా పెదనాన్నగారి అబ్బాయి వల్ల. ఆయనకు మా వైపు టౌనులో ఒక షెడ్డు ఉంది. సెలవుల్లో పొలం పని లేనప్పుడు అక్కడికి పోయి పానాలు అందిస్తుంటాను. ఒకరోజు ఒక కారుకు నాలుగు చక్రాల ప్యాడ్లూ మారుస్తున్నాం. ముందు చక్రాల పిస్టన్లు క్లాంపు పెట్టి బిగిస్తే వెన్నలాగా లోపలికి పోయాయి. వెనుక చక్రం దగ్గరికి వచ్చేసరికి అన్నయ్య క్లాంపు పక్కన పెట్టేశాడు. "ఒరేయ్ బీయస్సీ, ముందుదీ ఇదీ ఒకే ఆయిలు, ఒకే పెడలు. అది పోయింది, ఇది పోదు. ఎందుకంటావ్? మీ పాస్కలు ఏమన్నా చెప్పాడా?" అన్నాడు. పాస్కల్ ఒక్కడితో దీనికి జవాబు దొరకదు. ఆయన చెప్పింది సగం మాత్రమే. మిగతా సగం చెప్పేది మర, అనగా స్క్రూ.

ముందు పాస్కల్ సగం చూద్దాం. చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్ళెం డిస్కు. దాన్ని రెండు వైపులా పట్టకారులా పట్టుకుని కూర్చునేది కాలిపరు. కాలిపరులో ఒక పిస్టను, డిస్కుకు అటొకటీ ఇటొకటీ రెండు ప్యాడ్లు. మనం పెడలు తొక్కితే మాస్టరు సిలిండరులోని ఆయిలు నొక్కుకుని, గొట్టాల వెంబడి ఆ పీడనం పిస్టను వీపుమీద పడుతుంది. పిస్టను ప్యాడును నెడుతుంది, ప్యాడు డిస్కును పట్టుకుంటుంది.

ఒక లెక్క వేద్దాం. పాదం పెడలును 20 కిలోల బలంతో నొక్కిందనుకోండి. పెడలు ఒక లీవరు. దాని యాంత్రిక లాభం 4 అయితే మాస్టరు సిలిండరు మీద పడేది 80 కిలోలు. ఆ సిలిండరు వ్యాసం 20 మిల్లీమీటర్లనుకుంటే వైశాల్యం 3.14 చదరపు సెంటీమీటర్లు. కాబట్టి ఆయిలులో పీడనం చదరపు సెంటీమీటరుకు 25.5 కిలోలు. ఇదే పీడనం ముందు చక్రం దగ్గర 54 మి.మీ. వ్యాసం గల పిస్టను మీద పడితే 580 కిలోల పైచిలుకు బలం అవుతుంది. వెనుక 38 మి.మీ. పిస్టను మీద పడితే 290 కిలోలకు కాస్త తక్కువ. ఇవి లెక్కకోసం నేను తీసుకున్న కొలతలు, ఒక్కో కారుకు ఒక్కో రకంగా ఉంటాయి. పైగా వాక్యూం బూస్టరు చేసే సాయం ఇందులో కలపలేదు. వెనుక పిస్టను చిన్నదిగా ఎందుకు పెట్టారని అడగవచ్చు. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది, వెనుక చక్రాలు తేలికవుతాయి. వాటిని కూడా అంతే గట్టిగా పట్టుకుంటే అవే ముందు బిగుసుకుపోయి బండి అడ్డం తిరుగుతుంది.

పెడలు వదిలితే పిస్టను వెనక్కు వచ్చేదెలా? దాన్ని లాగడానికి స్ప్రింగేదీ లేదు. పిస్టను చుట్టూ కాలిపరు గాడిలో ఒక రబ్బరు వలయం ఉంటుంది. దాని కోత గుండ్రంగా కాక చతురస్రంగా ఉంటుంది. పిస్టను ముందుకు జరిగినప్పుడు ఈ రబ్బరు దాన్ని పట్టుకునే ఉండి, కాస్త మెలికపడుతుంది. పీడనం పోగానే తన ఆకారానికి తాను తిరిగివస్తూ పిస్టనును ఒక్క వెంట్రుకవాసి వెనక్కు లాగుతుంది. అంతే, అది చాలు. ఆయిలు కారకుండా ఆపే వాషరే వెనక్కు లాగే స్ప్రింగు పని కూడా చేస్తోందన్నమాట. నాకు ఈ బ్రేకులో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

ప్యాడు అరిగేకొద్దీ పిస్టను రబ్బరులోంచి జారి కొంచెం కొంచెంగా బయటికి వస్తూ ఉంటుంది. కొత్త ప్యాడుకు రాపిడి పదార్థం 10 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే, 3 మిల్లీమీటర్లకు దిగేసరికి మార్చాలి. అప్పటికి పిస్టను చాలా దూరం బయటికి వచ్చేసి ఉంటుంది. మందమైన కొత్త ప్యాడు పట్టాలంటే దాన్ని మళ్ళీ లోపలికి పంపాలి. ముందు చక్రంలో దీనికి అడ్డేమీ లేదు. పెడలు తొక్కనప్పుడు మాస్టరు సిలిండరుకూ పైన ఉన్న డబ్బాకూ మధ్య దారి తెరిచే ఉంటుంది కనుక, మనం నెట్టిన ఆయిలు ఆ డబ్బాలోకి వెళ్ళిపోతుంది. రబ్బరు ఘర్షణ మాత్రం దాటితే చాలు. అందుకే వెన్నలాగా పోయింది.

ఇక రెండో సగం. ఆయిలు బ్రేకుకు ఒక లోపం ఉంది. అది కాలు పెట్టినంతసేపే పట్టుకుంటుంది. బండి ఎత్తుమీద నిలిపి రాత్రంతా వదిలేసిపోతే ఆయిలు పీడనాన్ని నమ్ముకోలేం. పైగా గొట్టం పగిలి ఆయిలు పోయిన రోజున కూడా బండిని ఆపే సాధనం ఒకటి వేరుగా ఉండాలి. అందుకే హ్యాండుబ్రేకు అనేది ఆయిలుతో సంబంధం లేకుండా తీగతో పనిచేస్తుంది. డ్రమ్ము బ్రేకుల్లో ఇది సులువు. లోపలున్న షూలను తీగతో లాగిన లీవరు విడదీస్తుంది. మన రోడ్లమీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి వెనుక డ్రమ్ములే ఉండటానికి ఖర్చుతోపాటు ఈ సులువు కూడా ఒక కారణం. డిస్కు బ్రేకుకు 1902లోనే ఇంగ్లండులో లాంచెస్టర్ పేటెంటు తీసుకున్నాడు. 1953లో ఫ్రాన్సులోని లెమాన్స్ పందెంలో జాగ్వార్ కారు డిస్కులతో గెలిచాక వాటి పేరు మారుమోగింది. అయితే డిస్కుకు హ్యాండుబ్రేకు తగిలించడం ఇంజనీర్లకు కొంచెం తలనొప్పి వ్యవహారమే. తీగ లాగే బలాన్ని పిస్టను నెట్టే బలంగా మార్చాలి. ప్యాడు ఎంత అరిగినా లీవరు అన్నే పళ్ళ దగ్గర పట్టుకోవాలి.

దీనికి చాలా కార్లలో వాడిన ఉపాయం, పిస్టను కడుపులో ఒక మర పెట్టడం. షెడ్డులో రెండు రకాల జాకీలు చూసే ఉంటారు. ఒకటి ఆయిలు జాకీ. కింద చిన్న బిరడా వదులు చేస్తే దానంతటదే దిగిపోతుంది. రెండోది మర జాకీ. దానిమీద కారు కాదుగదా, లారీ కూర్చున్నా తనంతట తాను దిగదు, మనం తిప్పితేనే దిగుతుంది. వెనుక కాలిపరు అంటే ఈ రెండు జాకీలనూ ఒకే ఒరలో ఇమిడ్చిన వస్తువు. కాలితో తొక్కితే ఆయిలు జాకీ, చేత్తో లాగితే మర జాకీ.

లోపలి సంగతి ఇంకొంచెం చెబుతాను. కాలిపరు వెనుక హ్యాండుబ్రేకు తీగ తగిలించిన చిన్న చెయ్యి ఉంటుంది. అది తిరిగినప్పుడు లోపల ఏటవాలు గాళ్ళలో కూర్చున్న గుళ్ళు పైకెక్కి ఒక మరకడ్డీని ముందుకు నెడతాయి. ఆ కడ్డీకి ఒక నట్టు, ఆ నట్టు పిస్టను లోపలి అడుగుకు ఆని ఉంటుంది. కడ్డీ నెడితే నట్టు, నట్టు నెడితే పిస్టను. ఇప్పుడు ప్యాడు అరిగిందనుకోండి. కాలి బ్రేకు వేసినప్పుడు పిస్టను మామూలుకన్నా ఎక్కువ దూరం పోతుంది. అప్పుడు నట్టు మరకడ్డీ మీద దానంతటదే కాస్త తిరిగి పిస్టను వెంట ముందుకు జరుగుతుంది. అరిగిన మేరకు ఖాళీ పూడిపోతుంది, మనం తీగ బిగించనక్కరలేదు. ముందుకు మాత్రమే అలా తిరుగుతుంది. వెనక్కు తిరగకుండా ఒక స్ప్రింగు దాన్ని పట్టేస్తుంది. వెనక్కు కూడా జరిగే పనైతే హ్యాండుబ్రేకు లాగిన ప్రతిసారీ నట్టు జారిపోయి, బ్రేకు పట్టనే పట్టదు.

అన్నయ్య ప్రశ్నకు జవాబు ఇదే. వెనుక పిస్టను నెడితే పోకపోవడం జబ్బు కాదు, దాని ఉద్యోగం. నెడితే పోయేదే అయితే ఎత్తుమీద బండి నిలవదు. దాన్ని నొక్కుతూ తిప్పాలి. పిస్టనుతోపాటు లోపలి నట్టు కూడా తిరిగి, మరకడ్డీ మీదుగా వెనక్కు ప్రయాణం చేస్తుంది.

తెలియనివాళ్ళు ఏం చేస్తారంటే, పోలేదు కనుక బలం చాలలేదనుకుంటారు. మా పక్క ఊరి ఆసామి ఒకాయన కారు విషయంలో ఇదే జరిగింది. ఎక్కడో రోడ్డు పక్క షెడ్డులో వెనుక ప్యాడ్లు మార్పించుకున్నాడు. పిస్టను పోకపోతే క్లాంపు పెట్టి, ఆ క్లాంపు పిడికి గొట్టం తొడిగి బిగించారట. అప్పటికీ పోకపోతే సుత్తితో రెండు దెబ్బలు వేశారట. "టక్కుమని పోయిందండీ" అని ఆయనే చెప్పాడు. ఆ టక్కుమన్నది లోపలి మర. తమాషా ఏమిటంటే కాలి బ్రేకు శుభ్రంగా పనిచేసింది. ఆయిలు పిస్టను వీపును నెట్టడానికి ఆ మరతో పని లేదు గదా! అందుకని రెండు వారాలు ఎవరికీ అనుమానం రాలేదు. దోర్నాల మీదుగా శ్రీశైలం పోతూ ఘాటులో ఒకచోట బండి పక్కకు ఆపి, హ్యాండుబ్రేకు పైదాకా లాగి దిగారు. వెనుక సీట్లో వాళ్ళ అమ్మగారు ఇంకా దిగనేలేదు. బండి మెల్లగా వెనక్కు జారడం మొదలుపెట్టింది. వాళ్ళ బావమరిది గబుక్కున ఒక రాయి చక్రం కింద తోశాడు కాబట్టి సరిపోయింది. ఆ కారు తరవాత అన్నయ్య దగ్గరికే వచ్చింది. కాలిపర్లు విప్పి చూస్తే నట్టు మరలు నమిలేసినట్టున్నాయి. రెండు కాలిపర్లూ కొత్తవే వేయాల్సి వచ్చింది. ఆ ఖర్చుతో పోలిస్తే పిస్టను తిప్పే సాధనం ధర ఏపాటిది?

ఆ సాధనం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. పిస్టను ముఖంమీద గాట్లుంటాయి. ఆ గాట్లలో కూర్చునే బొడిపెలున్న ఒక బిళ్ళ, దాన్ని నొక్కుతూ తిప్పే మరచీల, కాలిపరు అవతలి గోడకు ఆనుకునే ఒక పలక. అంతే. కొందరు నోస్ ప్లయరుతో తిప్పుతారు. తిరుగుతుంది గాని, జారిందంటే పిస్టను చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు చిరుగుతుంది. ఆ చిరుగులోంచి నీళ్ళూ దుమ్మూ చేరి, ఆరు నెలలకో ఏడాదికో పిస్టను నిజంగానే తుప్పు పట్టి బిగుసుకుంటుంది. అప్పుడు తిప్పినా పోదు.

పని మొదలుపెట్టేముందు బండి సమనేల మీద ఉండాలి. ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మలు పెట్టాలి. ఎందుకంటే హ్యాండుబ్రేకు పూర్తిగా దించితేగాని వెనుక పిస్టను తిరగదు. ఇది మరిచిపోయి కుస్తీ పట్టేవాళ్ళను చూశాను. జాకీ మీదే వదిలేయకుండా స్టాండు పెట్టాలని వేరే చెప్పనక్కరలేదు. కాలిపరును విప్పాక దాని రబ్బరు గొట్టానికే వేలాడదీయకూడదు, తీగ ముక్కతో పైన స్ప్రింగుకు కట్టుకోవాలి. ప్యాడ్ల పొడిని నోటితో ఊదకూడదు. పాత ప్యాడ్లలో రాతినార ఉండేది. లేనివాటి పొడి కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

డబ్బా మూత తీసి ఆయిలు మట్టం చూడాలి. ప్యాడ్లు అరిగినప్పుడు మట్టం తగ్గడం సహజం. అది తెలియక ఎవరైనా మధ్యలో పైదాకా పోసి ఉంటే, ఇప్పుడు పిస్టను వెనక్కు పోతున్నప్పుడు పొంగి పొర్లుతుంది. బ్రేకాయిలు పెయింటు మీద పడిందంటే పెయింటు లేచిపోతుంది. ముందే సిరంజితో కొంత తీసెయ్యడం మంచిది. ఇంకో పద్ధతి, కాలిపరు బ్లీడరుకు సన్నగొట్టం తగిలించి, దాన్ని వదులు చేసి, పాత ఆయిలును సీసాలోకి పోనిచ్చి వెంటనే మూసెయ్యడం. కాలిపరు అడుగున పేరుకున్న మురికి వెనక్కుపోయి ఏబీయస్ కవాటాల్లో చేరకుండా ఉంటుందని కొందరు దీన్నే ఇష్టపడతారు. నాకూ ఇదే సబబనిపిస్తుంది. ఒకటే జాగ్రత్త, మూసేలోపల పిస్టను మీది ఒత్తిడి వదిలితే గాలి లోపలికి పీల్చుకుంటుంది. గాలి నొక్కుకుంటుంది, ద్రవం నొక్కుకోదు. అప్పుడు పెడలు స్పాంజిలాగా ఉంటుంది, పాస్కల్ గారు ఏమీ చెయ్యలేరు.

ఎటు తిప్పాలి? ఎక్కువ కార్లలో గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితే లోపలికి పోతుంది. కొన్నిటికి ఒక వైపు చక్రానికి ఎదురు మర ఉంటుంది. అందుకని అర చుట్టు తిప్పి ఆగి, పిస్టను ఎంత లోపలికి పోయిందో చూసుకోవాలి. బయటికి వస్తుంటే దిశ తప్పన్నమాట. అలాగే తిప్పుకుంటూ పోతే నట్టు కడ్డీ మీంచి ఊడిపోవచ్చు. తిరుగుతోంది గాని జరగడం లేదంటే నొక్కుడు చాలలేదు. నిదానంగా తిప్పాలి, రబ్బరు తొడుగు మెలికపడకుండా గమనిస్తూ ఉండాలి. చివరికి పిస్టను ముఖంమీది గాటు ఎటు చూస్తోందన్నది ముఖ్యం. చాలా ప్యాడ్లకు వీపున ఒక చిన్న బొడిపె ఉంటుంది. అది ఆ గాటులో కూర్చోవాలి. కూర్చుంటేనే పిస్టను తిరగకుండా నిలుస్తుంది, పిస్టను నిలిస్తేనే లోపల నట్టు తిరిగి సర్దుకుంటుంది. బొడిపె గాటులో పడకపోతే ప్యాడు వంకరగా కూర్చుని ఒక పక్కే అరుగుతుంది.

ఇంతా చెప్పి, వెనుకదైతే ప్రతిదీ తిప్పాలని అనుకోకూడదు. కొన్ని బళ్ళలో వెనుక డిస్కు మధ్య గిన్నెలోనే చిన్న డ్రమ్ము ఉండి, హ్యాండుబ్రేకు అక్కడ పట్టుకుంటుంది. వాటి కాలిపరులో మర ఉండదు, పిస్టను ముందుదానిలాగే నెడితే పోతుంది. గుర్తు ఏమిటంటే, పిస్టను ముఖంమీద గాట్లు ఉంటే సాధారణంగా తిప్పేది, ఉత్త గిన్నెలాగా ఉంటే నెట్టేది. ఇక ఇప్పుడు లీవరుకు బదులు మీట నొక్కే హ్యాండుబ్రేకులు వస్తున్నాయి. వాటిలో చాలావరకు కాలిపరు వెనుక ఒక చిన్న మోటారు ఉండి మరను అదే తిప్పుతుంది. అక్కడ మనం పిస్టనును తిప్పకూడదు, బలంగా నెట్టనూ కూడదు. ముందు కంపెనీ చెప్పిన పద్ధతిలో ఆ మోటారును సర్వీసు స్థితికి, అనగా మర పూర్తిగా వెనక్కు వచ్చేలా పెట్టాలి. తరవాత పిస్టను నెడితే చాలు. ఆ పని చెయ్యకుండా క్లాంపు పెడితే మోటారు పళ్ళచక్రాలు విరుగుతాయి. మొత్తంమీద, పోని పిస్టను కనిపిస్తే క్లాంపు బిగించేముందు లోపల దాన్ని పట్టుకున్నదేమిటని అడగాలి.

రసాయనశాస్త్రం మిత్రులకోసం ఒక మాట. బ్రేకాయిలు అని పిలుస్తాం గాని అది నూనె కాదు. మామూలుగా వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ సంబంధమైనవి. గాలిలోని తేమను పీల్చుకుంటాయి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు కలిసిందంటే ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 3కి అవే 205, 140. ఘాటు రోడ్డు దిగుతూ ఊరికే బ్రేకు తొక్కుకుంటూ వస్తే కాలిపరు బాగా వేడెక్కుతుంది. అప్పుడు పాత ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడలు కిందికి జారిపోతుంది. తక్కువ గేరులో దిగమని పెద్దవాళ్ళు చెప్పేది అందుకే. మట్టం తగ్గింది గదా అని ఇంట్లో ఉన్న ఇంజనాయిలు పోసే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. ఆ రబ్బర్లు పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బిపోతాయి. ఉబ్బితే పిస్టన్లు ఇరుక్కుంటాయి. తుప్పు వదలడానికని పిస్టను చుట్టూ కిరసనాయిలు పోసినా అదే గతి.

ప్యాడ్లు బిగించాక వెంటనే బండి తియ్యకూడదు. పిస్టన్లు వెనక్కు పోయి ఉన్నాయి కనుక మొదటి తొక్కుడు నేలదాకా పోతుంది. షెడ్డులోంచి వెనక్కు తీసి, అదే మొదటి బ్రేకుగా గోడకు కొట్టినవాళ్ళున్నారు. ఇంజను ఆపి ఉంచే, పెడలు గట్టిపడేదాకా నిదానంగా పదిసార్లు తొక్కాలి. ఆ తరవాత హ్యాండుబ్రేకు కొన్నిసార్లు లాగి దించాలి. లీవరు మామూలు పళ్ళ దగ్గర ఆగాలి. డబ్బాలో మట్టం సరిచూసి మూత పెట్టాలి. ఖాళీ రోడ్డుమీద నెమ్మదిగా నడిపి చూసి, ఒక చిన్న ఎత్తుమీద బండి నిలిపి, కాలు బ్రేకు మీదే సిద్ధంగా ఉంచుకుని హ్యాండుబ్రేకు పట్టిందో లేదో చూడాలి. రెండు మూడు కిలోమీటర్లు తిరిగివచ్చాక రెండు వెనుక చక్రాల దగ్గరా చెయ్యి కాస్త దూరంగా పెట్టి చూడండి. ఒకటి మామూలుగా ఉండి రెండోది సెగలు కక్కుతుంటే, ఆ వైపు ప్యాడు ఇంకా డిస్కును వదలలేదన్నమాట. మళ్ళీ జాకీ ఎక్కించి, బొడిపె గాటులో కూర్చుందో లేదో చూసుకోవాలి.